మధుమేహ మూత్రపిండ వ్యాధి: మూలికా, హోమియో మందుల పరీక్షలు

ఏళ్ల తరబడి ఉన్న మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తే దాన్ని మధుమేహ మూత్రపిండ వ్యాధి అంటారు. ‘షుగర్ వల్ల కిడ్నీలు పాడయ్యాయి’ అని ఇళ్లలో చెప్పుకునేది ఈ జబ్బు గురించే. మూలికలు, కషాయాలు, భస్మాలు, హోమియో గుళికలు దీన్ని తగ్గిస్తాయన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ మాటను పరీక్షకు నిలబెట్టాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: ఏం కొలిచారు, ఎంతకాలం కొలిచారు, దేనితో పోల్చారు? ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

జబ్బు, దాని కొలతలు

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత గుత్తులుంటాయి. రక్తంలో చక్కెర, రక్తపోటు ఏళ్లపాటు ఎక్కువగా ఉంటే ఈ గుత్తులు గట్టిపడి, ఒక్కొక్కటిగా మూతపడతాయి. మధుమేహ రోగుల మూత్రపిండాల్లో ఇలా గట్టిపడ్డ ముద్దలను పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ 1936లో వర్ణించారు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. మధుమేహ రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండాల మీద ఆ ప్రభావం పడుతుందని అంచనా.

జబ్బును రెండు కొలతలతో పట్టుకుంటారు. మొదటిది మూత్రంలో పోతున్న అల్బుమిన్ అనే ప్రొటీన్. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 దాకా ఉంటే హెచ్చరిక, 300 దాటితే ప్రమాదం. రెండోది రక్తంలో క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే వడపోత వేగం. ల్యాబ్ రిపోర్టుల్లో దీన్ని ఈజీఎఫ్ఆర్ అని రాస్తారు. ఇది మూడు నెలలకు మించి 60 లోపే ఉంటే దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. 15 లోపుకు పడితే డయాలసిస్, మార్పిడి మాట ఎత్తాల్సి వస్తుంది.

ఈ జబ్బు నొప్పి పెట్టదు. కాళ్ల వాపు, ఆయాసం, ఆకలి మందగించడం చాలా ఆలస్యంగా కనిపిస్తాయి. అందుకే ‘మందు వాడాక వాపు తీసింది, ఒళ్లు తేలికైంది’ అన్న సాక్ష్యం వినడానికి బాగున్నా తూకానికి రాదు. మూత్రం జారీ చేసే ఏ మూలికైనా వాపు తీస్తుంది. గుత్తులు మూతపడే వేగం మాత్రం అంతకు ముందెలా ఉందో అలాగే సాగిపోవచ్చు.

అంకెలు ఎందుకు మోసం చేస్తాయి

మూత్రంలో అల్బుమిన్ రోజుకో రకంగా ఉంటుంది. జ్వరం, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, గట్టి వ్యాయామం, ఆ రోజు బీపీ, ఆ వారం షుగర్ అన్నీ దాన్ని పైకి ఎగదోస్తాయి. అందుకే మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు పరీక్షించి, కనీసం రెండుసార్లు ఎక్కువ వస్తేనే జబ్బుగా తేల్చాలని నియమం పెట్టారు.

రోగి మందు కోసం ఎప్పుడు వెళ్తాడు? రిపోర్టులో అంకె బాగా పెరిగినప్పుడు. పెరిగిన అంకె రెండోసారి కొలిస్తే ఎంతో కొంత దిగివచ్చే అవకాశమే ఎక్కువ. మధ్యలో ఏ పసరు తాగినా, ఏ గుళిక వేసుకున్నా, ఏదీ వేసుకోకపోయినా అంతే. పైగా అదే సమయంలో ఇంట్లోవాళ్లు ఉప్పు తగ్గిస్తారు, రోగి బీపీ మాత్ర మానకుండా వేసుకుంటాడు, తీపి మానేస్తాడు. వీటన్నిటి ఫలమూ కొత్త మందు ఖాతాలో పడిపోతుంది. పోల్చడానికి రెండో గుంపు లేకుండా, ముందూ వెనకా అంకెలు మాత్రమే చూపించే అధ్యయనాలకు ఈ కారణంగానే విలువ తక్కువ.

క్రియాటినిన్‌కూ ఇలాంటి చిక్కే ఉంది. అది కండరాల నుంచి పుట్టే పదార్థం. మాంసం మానేసినా, జబ్బుతో కండ కరిగినా క్రియాటినిన్ తగ్గుతుంది. కాగితం మీద కిడ్నీ బాగుపడినట్టే కనిపిస్తుంది. పథ్యం పేరుతో నెల రోజులు గంజి, మజ్జిగల మీద ఉంచే చికిత్సల్లో ‘క్రియాటినిన్ దిగింది’ అంటే ఈ అనుమానమే ముందు రావాలి. ఇంకోవైపు, మధుమేహం తొలినాళ్లలో మూత్రపిండాలు అవసరానికి మించి వడపోస్తాయి. ఆ దశలో వడపోత వేగం కాస్త తగ్గడం మంచికే జరగవచ్చు.

రెండు మొక్కల కథ

కొలత విషయంలో ఎక్కడ పొరబడతామో రెండు మందుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. రెంటికీ మూలం మొక్కలే.

ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని 1835లో వేరుచేశారు. అది మూత్రంలో చక్కెర పోయేలా చేస్తుందని జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ 1886లో గమనించాడు. నోటి ద్వారా ఇస్తే అది పేగుల్లో సరిగా ఇంకదు, కడుపు పాడుచేస్తుంది. దాని నిర్మాణాన్ని మార్చుకుంటూ వెళ్లిన రసాయన శాస్త్రజ్ఞులకు చివరికి చిక్కినవే నేటి కెనగ్లిఫ్లోజిన్, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు. క్రెడెన్స్ అనే పరీక్షలో 4,401 మంది మధుమేహ మూత్రపిండ రోగులను రెండు గుంపులు చేసి, అప్పటికే వాడుతున్న బీపీ మందులకు తోడు ఒక గుంపుకు కెనగ్లిఫ్లోజిన్, మరో గుంపుకు ప్లాసిబో అనే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున రెండున్నరేళ్లు గమనించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. మందు తీసుకున్నవారిలో 245 మందికి, తీసుకోనివారిలో 340 మందికి కిడ్నీ విఫలం కావడమో, క్రియాటినిన్ రెట్టింపు కావడమో, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణమో సంభవించింది. ముప్పు 30 శాతం తగ్గిందన్నమాట.

రెండో మందు బార్డాక్సొలోన్. ఆలివ్ ఆకుల్లోనూ మన తులసి, లవంగాల్లోనూ ఉండే ఓలియనోలిక్ ఆమ్లం దీనికి మాతృక. 227 మందిపై జరిగిన తొలి పరీక్ష 2011లో వెలువడినప్పుడు మూత్రపిండ వైద్య లోకం ఉలిక్కిపడింది. వడపోత వేగం పడిపోవడం ఆగడమే కాకుండా పెరిగింది కూడా. వెంటనే 2,185 మందితో బీకన్ అనే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. దాన్ని 2012 అక్టోబరులో అర్ధాంతరంగా ఆపేయాల్సి వచ్చింది. మందు తీసుకున్నవారిలో 96 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 55 మందికి గుండె వైఫల్యం వచ్చింది. వడపోత అంకె మాత్రం చివరిదాకా అందంగానే ఉంది.

ఇక్కడ అసలు విశేషం ఉంది. ఆపిల్ బెరడు సంతతి మాత్రలు మొదటి వారాల్లో వడపోత వేగాన్ని కొద్దిగా తగ్గిస్తాయి. ఆ తర్వాతే ఏళ్ల తరబడి కాపాడతాయి. ఈ రెండు మందులనూ నెల రోజులు మాత్రమే పరీక్షించి ఉంటే కిడ్నీని కాపాడేదాన్ని పారేసి, ప్రాణం తీసేదాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లం. ఎనిమిది వారాల, పన్నెండు వారాల మూలికా పరీక్షలను చదివేటప్పుడు ఈ ఉదాహరణను మరవకూడదు.

ఇంకో లెక్క. క్రెడెన్స్‌లో 4,401 మందిలో 585 మందికి ఆ అంతిమ పరిణామాలు కలిగాయి. అదే నిష్పత్తిలో 60 మందితో పరీక్ష పెడితే ఎనిమిది మందికి కలుగుతాయి. ఆ ఎనిమిది ఇటు మూడు, అటు అయిదుగా చీలినా అది యాదృచ్ఛికమో, మందు మహిమో ఎవరూ చెప్పలేరు. చిన్న పరీక్షలు అంతిమ ఫలితాల జోలికి పోకుండా అల్బుమిన్ అంకెతో సరిపెట్టుకోవడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి వేల మందిని గమనించడానికి అయ్యే ఖర్చు భరించేవాళ్లు కావాలి. ఏ కంపెనీకీ పేటెంటు దక్కని అటికమామిడి లాంటి మూలికల మీద అంత డబ్బు పెట్టేది ప్రభుత్వాలే. అవి పెట్టలేదు.

ఎలుకల దశ

మూలికల మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో పెద్ద భాగం ఎలుకల మీద జరిగినవే. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి ఎలుక క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతారు. చక్కెర పెరిగాక కొన్ని వారాల పాటు మూలిక సారం ఇచ్చి, కిడ్నీ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఈ వరుసలో మంచి పని జరిగింది. దాల్చినచెక్కలోని ప్రోసయనిడిన్ బీ2, దానిమ్మ వంటి పండ్లలో ఉండే ఎలాజిక్ ఆమ్లం ఎలుకల్లో ప్రొటీన్లకు చక్కెర అతుక్కుపోవడాన్ని తగ్గించి, వడపోత గుత్తుల్లోని కీలక ప్రొటీన్లను నిలబెట్టాయని అక్కడి పరిశోధకులు చూపించారు. యంత్రాంగం ఏమిటో విప్పిచెప్పిన పని అది. రోగికి ఏం ఇవ్వాలో చెప్పే పని కాదు, ఆ శాస్త్రజ్ఞులూ అలా చెప్పుకోలేదు.

ఎలుకలో జబ్బు వారాల్లో తయారవుతుంది, మనిషిలో పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు పడుతుంది. ఎలుకకు బీపీ మందులుండవు, గుండె జబ్బుండదు. పైగా బరువుకు తగ్గట్టు లెక్కగడితే ఎలుకకు ఇచ్చిన మోతాదు మనిషి గరిటెలతో తినాల్సినంత ఉంటుంది. ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని డబ్బా మీద రాసినప్పుడు ఎవరి మీద నిరూపితమో అడిగితే చాలా సందర్భాల్లో వచ్చే జవాబు ఎలుకే.

మనుషుల మీద జరిగినవి

ఈ రంగంలో ఎక్కువ పరీక్షలు చైనాలో జరిగాయి. అక్కడి సంప్రదాయ వైద్యంలో వాడే ట్రిప్టెరీజియం అనే తీగ సారాన్ని, వల్సార్టాన్ అనే బీపీ మందునూ 65 మంది రోగుల్లో ఆరు నెలల పాటు పోల్చిన పరీక్ష 2013లో వెలువడింది. మూలిక తీసుకున్న గుంపులో మూత్రంలో ప్రొటీన్ గణనీయంగా తగ్గింది. ఆ తీగకు శరీర రోగనిరోధక శక్తిని అణిచే గుణం ఉంది. దాంతోపాటే కాలేయాన్ని దెబ్బతీసే గుణం, మగవారిలో వీర్యకణాలను తగ్గించే గుణం, స్త్రీలలో నెలసరి ఆపే గుణం కూడా ఉన్నాయి. మొక్క కాబట్టి మెత్తగా ఉంటుందన్న నమ్మకానికి ఇది తగిన జవాబు.

మరింత పకడ్బందీగా జరిగినది టాంగ్‌షెన్ అనే మిశ్రమం మీద 2015లో వెలువడిన పరీక్ష. 180 మంది రోగులు, 24 వారాలు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అందుతోందో డాక్టర్లకూ తెలియదు, రోగులకూ తెలియదు. ప్రొటీన్ బాగా ఎక్కువగా పోతున్నవారిలో కొంత మేలు కనిపించింది. తొలి దశలో ఉన్నవారిలో అల్బుమిన్ విషయంలో తేడా లేదు. బెండ జాతికి చెందిన ఒక మొక్క పూలతో చేసే హువాంగ్‌కుయ్ గొట్టాలు కూడా చైనాలో కిడ్నీ రోగులకు విరివిగా రాస్తారు. వాటి మీదా ఆరేడు నెలలకు మించని పరీక్షలే ఎక్కువ. ఆస్ట్రాగలస్ వేరు మీద కాక్రేన్ సంస్థ 2014లో చేసిన సమీక్ష 22 అధ్యయనాలను, 1,323 మంది కిడ్నీ రోగులను కలిపి చూసింది. అధ్యయనాల నాణ్యత తక్కువ కావడంతో గట్టి తీర్పు ఇవ్వలేకపోయింది.

ఇరాన్‌లోని షిరాజ్ నుంచి రెండు ఆసక్తికరమైన పరీక్షలొచ్చాయి. ఒకటి పసుపు మీద. 40 మంది రోగుల్లో సగం మంది రెండు నెలల పాటు పసుపు గొట్టాలు వేసుకున్నారు. మూత్రంలో ప్రొటీన్ తగ్గింది. ఈ ఒక్క పరీక్షను పట్టుకుని ‘పసుపుతో కిడ్నీలు బాగవుతాయి’ అన్న ప్రచారం మన వాట్సాప్ దాకా వచ్చింది. ఆ తర్వాత మెక్సికోలో 101 మందితో, రోజుకు 320 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌తో, ఎనిమిది వారాలు జరిగిన పరీక్షలో ప్రొటీన్ తగ్గలేదు, వడపోత వేగమూ మారలేదు. ఈ రెండోది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. పైగా పసుపులో కరిగే ఆక్సలేట్ ఎక్కువ. గొట్టాల రూపంలో అతిగా వాడినవారికి ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని కిడ్నీ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలకెక్కాయి. కూరలో వేసుకునే చిటికెడు పసుపుకు ఈ భయం వర్తించదు.

షిరాజ్‌లోనే 2012లో సిలిమరిన్ అనే మొక్క పదార్థాన్ని 60 మంది మీద మూడు నెలలు పరీక్షించారు. అందరూ అప్పటికే ప్రామాణిక బీపీ మందుల మీద ఉన్నవారే. దానికి తోడుగా ఇచ్చిన సిలిమరిన్ అల్బుమిన్‌ను మరింత తగ్గించింది. పరీక్ష కట్టుదిట్టంగానే జరిగింది. దాన్ని అనుసరించి పెద్ద ఎత్తున, ఏళ్ల పాటు సాగిన పరీక్ష రాలేదు. మూలికల చరిత్రలో ఇదే పదేపదే కనిపించే దృశ్యం: ఆశ పుట్టించే చిన్న పరీక్ష, ఆ తర్వాత నిశ్శబ్దం.

మన దేశంలో పెద్ద పనులు చాలావరకు చక్కెర మీదే జరిగాయి. వేగిస చెక్క మీద భారత వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్ష 1998లో వెలువడింది. 12 వారాల్లో 69 శాతం రోగుల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. పోల్చే గుంపు అందులో లేదు, కిడ్నీ ఫలితాలు దాని పరిధిలోకే రావు. చక్కెర తగ్గితే కిడ్నీ కూడా బాగుంటుందిలే అనుకోవడం సగమే నిజం. జబ్బు ముదిరాక చక్కెర అదుపు ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఏ మొక్క, ఏ పొడి, ఏ లోహం

మూలికకు పరీక్ష పెట్టే ముందు సీసాలో ఉన్నది ఆ మూలికేనా అని తేలాలి. పునర్నవ అంటే అటికమామిడి. బజారులో దాని స్థానంలో గలిజేరు కూడా అదే పేరుతో అమ్ముడవుతుంది. గలిజేరులో ఆక్సలేట్ ఎక్కువ, కిడ్నీ రోగికి అది పనికిరాదు. ఒకే మొక్కలోనైనా నేల, కాలం, ఎండబెట్టిన తీరును బట్టి సారం మారుతుంది. మూలికా పరీక్షల్లో మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, సారం తీసిన పద్ధతి, మోతాదు తప్పనిసరిగా రాయాలని, వైద్య పరీక్షల నివేదికలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ నియమావళికి 2006లో అనుబంధం చేర్చింది అందుకే.

మొక్క మారితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక స్లిమ్మింగ్ క్లినిక్‌లో ఇచ్చిన గొట్టాల్లో స్టెఫానియాకు బదులు అరిస్టొలోకియా అనే వేరే మొక్క చేరింది. వంద మందికి పైగా కిడ్నీలు పోయాయి. 1993లో విషయం వెలుగులోకి వచ్చింది. ముందు జాగ్రత్తగా కిడ్నీలు తీయించుకున్న 39 మందిని పరిశీలిస్తే 18 మందిలో మూత్రనాళ క్యాన్సర్ బయటపడిందని 2000లో తేలింది. అరిస్టొలోకియా మన ఊళ్లకు పరాయిది కాదు. పాముకాటుకు వాడే ఈశ్వరి, కడుపులో పురుగులకు వాడే గాడిదగడపాకు ఆ కుటుంబానివే.

లోహాల సంగతి ఇంకా సూటిగా కిడ్నీకి తగిలేది. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కలిగి ఉన్నాయని 2004లో వెల్లడైంది. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఉత్పత్తుల్లోనూ అయిదో వంతుది అదే కథ. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2022లో ప్రచురించిన పరిశీలన మరో మెట్టు పైది. నెల్1 అనే రకం మెంబ్రేనస్ కిడ్నీ జబ్బున్న రోగుల్లో పలువురు పాదరసం కలిసిన నాటుమందులు వాడినవారని వాళ్లు గుర్తించారు. మందు ఆపాక పలువురిలో ప్రొటీన్ పోవడం తగ్గింది. మధుమేహం ఉన్న మనిషి ఇలాంటి మందు వాడి మూత్రంలో ప్రొటీన్ తెచ్చుకుంటే ఏమవుతుంది? అందరూ షుగర్‌నే తప్పుపడతారు. బయాప్సీ చేస్తే తప్ప అసలు దోషి దొరకడు. మందు ఎక్కువ వేసుకుంటే తగ్గుతుందని అదే పొడిని మోతాదు పెంచి వాడేవాళ్లూ ఉంటారు.

పొటాషియం ఎక్కువగా ఉండే రసాలు కిడ్నీ మందగించినవారిలో గుండె లయ తప్పిస్తాయి. నోని రసం మీద అలాంటి నివేదికలున్నాయి, కొబ్బరినీళ్లకూ ఆ జాగ్రత్త అవసరం. అతిమధురం ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపి బీపీ పెంచుతుంది. దగ్గు కషాయంలో ఉంది కదా అని రోజూ వాడితే బీపీ మందు సరిగా పనిచేయదు. రహస్యంగా ఇంగ్లీషు మందు కలపడం మరో బెడద. 2008లో సింగపూర్‌లో గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసిన నకిలీ శృంగార మాత్రలు, మూలికా ఉత్పత్తులు వాడి, మధుమేహం లేని 150 మంది చక్కెర పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. నలుగురు చనిపోయారు. కిడ్నీ పనిచేయని ఒంట్లో ఆ మందు ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది.

కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తొస్తుంది కాబట్టి ఒక్క మాట. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బుకు మూలం మధుమేహం కాదు, దాని కారణం ఇంకా తేలలేదు. ఒక జబ్బుకు పనిచేసిందన్న మందును రెండోదానికి అంటగట్టడం కుదరదు.

మనిషిని బట్టి మందు: పరీక్ష కుదురుతుందా?

ఆయుర్వేదం ప్రమేహాలను ఇరవైగా విభజించి, రోగి ప్రకృతిని బట్టి మందు మారుస్తుంది. అందువల్ల ఒకే మాత్రను అందరికీ ఇచ్చే పరీక్ష తమకు వర్తించదని వైద్యులు అంటారు. వాదనలో బలం ఉంది, కానీ దారి మూసుకుపోలేదు. కోయంబత్తూరులో కీళ్లవాతం మీద జరిగి 2011లో వెలువడిన పరీక్ష దీన్ని చేసి చూపించింది. 43 మంది రోగులను ఆయుర్వేద వైద్యులే చూసి, ఒక్కొక్కరికీ తగిన మందు రాశారు. కొందరికి అసలు ఆయుర్వేద మందుతో పాటు ఉత్తుత్తి మెథోట్రెక్సేట్ (కీళ్లవాతానికి వాడే ఇంగ్లీషు మందు), కొందరికి అసలు మెథోట్రెక్సేట్‌తో పాటు ఉత్తుత్తి ఆయుర్వేద మందు, మిగతావారికి రెండూ అసలువే అందాయి. ఎవరికి ఏది అందుతోందో రాసిన వైద్యుడికే తెలియదు. కీళ్లవాతానికి చేసిన పని కిడ్నీకి చేయలేకపోవడానికి సాంకేతిక కారణం లేదు.

కిడ్నీ పరీక్షకు ఒక అదనపు నియమం ఉంది. ఉత్తుత్తి మాత్ర గుంపులోని రోగికి కూడా ప్రామాణిక చికిత్స అందాలి. 1993లో 409 మంది మీద కాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ ఈ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయని రుజువయ్యాక వాటిని ఆపి మూలిక ఒక్కటే ఇవ్వడం అన్యాయం. కాబట్టి మూలికను వాటికి తోడుగానే పరీక్షించాలి. (కాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పాము విషం. ప్రకృతి నుంచి వచ్చినదాన్ని ఇంగ్లీషు వైద్యం కాదంటుందన్న ఫిర్యాదుకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.)

హోమియోపతి

హోమియో మందుల పరీక్షలో సమస్య స్వభావమే వేరు. జర్మన్ వైద్యుడు హానిమన్ 1796లో ప్రతిపాదించి, 1810లో ‘ఆర్గనాన్’లో విస్తరించిన సూత్రం ప్రకారం ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టించే పదార్థమో, అవే లక్షణాలున్న రోగికి అది మందు. కిడ్నీకి విషమైన ఈల్ చేప రక్తరసం, యురేనియం నైట్రేట్, టర్పెంటైన్ ఈ పద్ధతిలోనే కిడ్నీ, మధుమేహ మందులయ్యాయి. నేరేడు గింజల నుంచి చేసే సిజీజియం జంబోలానం షుగర్‌కు వాడతారు.

విషం మందుగా ఎలా నప్పుతుందంటే పలచన చేయడం వల్ల. 30సీ శక్తి అంటే ఒక వంతు పదార్థాన్ని నూరో వంతుకు తగ్గిస్తూ 30 సార్లు పలచన చేయడం, అంటే 1 పక్కన 60 సున్నాలు. 12సీ దాటాక గుళికలో మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. రసాయన శాస్త్రం చదివిన ఇంటర్ విద్యార్థి అవగాడ్రో సంఖ్యతో వేసుకోగల లెక్క ఇది. ఆ లెక్కను పక్కనపెట్టి ఫలితాలే చూద్దామన్నా, డయాలసిస్ అవసరాన్ని, మరణాన్ని కొలిచి, పోల్చే గుంపుతో వేల మందిపై సాగిన హోమియో పరీక్ష ఈ జబ్బులో లేదు. ఉన్నవి కొద్దిమంది రోగుల కేసు వివరాలు, చిన్న అధ్యయనాలు. అన్ని జబ్బులనూ కలిపి చూసినా, ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో 61 జబ్బుల మీద 176 అధ్యయనాలను వడగట్టి, ఏ ఒక్క జబ్బుకూ హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

మన దేశంలో ఈ పరిశోధన బాధ్యత 1978లో ఏర్పడిన కేంద్ర హోమియోపతి పరిశోధన మండలిది. ఆంధ్రప్రదేశ్‌లో గుడివాడలో దాని ప్రాంతీయ సంస్థ ఉంది. అనుమానాలను తీర్చగల పరీక్ష పెట్టడానికి కావాల్సిన రోగులు, వైద్యులు, వ్యవస్థ ఆ మండలి దగ్గర ఉన్నాయి. ఉత్తుత్తి గుళిక తయారీ హోమియోకు ఇంకా తేలిక, రుచీ వాసనా ఒకటే. అయినా అలాంటి పరీక్ష రాకపోవడాన్ని సాధనాల కొరత కింద రాయలేం.

మదర్ టింక్చర్లు, తక్కువ శక్తి మందుల సంగతి వేరు. వాటిలో మూల పదార్థం నిజంగానే ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది. వాటిని మూలికల కిందే లెక్కగట్టి, విషప్రభావాన్నీ మూలికల లాగే పరీక్షించాలి. ఎక్కువ శక్తి గుళికల్లో విషం లేదు. అక్కడ నష్టం కాలం రూపంలో జరుగుతుంది. ఆరు నెలలు బీపీ మాత్రలు ఆపించి గుళికల మీద ఉంచితే, ఆ ఆరు నెలల్లో మూతపడ్డ వడపోత గుత్తులు మళ్లీ తెరుచుకోవు.

చట్టం, రిజిస్ట్రీ

ప్రాచీన గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద యోగాలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు రోగుల మీద కొత్తగా పరీక్ష చేయాలన్న నియమం సాధారణంగా వర్తించదు. చంద్రప్రభావటి, గోక్షురాది గుగ్గులు ఈ దారిలోనే దుకాణాలకు వస్తాయి. లైసెన్సు నంబరు ఉన్నంత మాత్రాన కిడ్నీ జబ్బుకు పనిచేస్తుందని ప్రభుత్వం ధ్రువీకరించినట్టు కాదు. ప్రకటనల విషయంలో మాత్రం చట్టం కఠినం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించిన జబ్బుల జాబితాలో మధుమేహాన్ని చేర్చింది. కిడ్నీ జబ్బుకు పాత పేరైన బ్రైట్స్ డిసీజ్ కూడా అందులో ఉంది. కేబుల్ టీవీలో ‘డయాలసిస్ అక్కర్లేదు’ అనే పరిచయ కార్యక్రమాలు చూసేవారికి ఈ చట్టం ఉన్నట్టే అనిపించదు.

2007లో మొదలైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆయుష్ పరీక్షలూ నమోదవుతున్నాయి. ఏదైనా మందు మీద పరీక్ష జరిగిందని ఎవరైనా చెబితే అక్కడ వెతికి, ముందుగా ప్రకటించిన ప్రధాన ఫలితం ఏమిటో, చివర ప్రచురించింది అదేనో కాదో ఎవరైనా చూడవచ్చు. అంతిమ ఫలితాలకు బదులు తక్కువ కాలంలో కొలవగలిగే గురుతుల మీద 2018లో అమెరికా, ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థలు కిడ్నీ నిపుణులతో కూర్చుని చర్చించాయి. వడపోత వేగం తగ్గుదలను ఏడాదికి 0.5 నుంచి 1.0 మేరకైనా నెమ్మదింపజేయడం, లేదా అల్బుమిన్‌ను 30 శాతం తగ్గించడం అర్థవంతమైన సూచికలని ఆ సమావేశం భావించింది. అంటే రెండు మూడేళ్లు, కొన్ని వందల మంది రోగులతోనైనా ఒక మూలికను న్యాయంగా పరీక్షించవచ్చు. అటికమామిడి, పల్లేరు, ఉలిమిరి లాంటి వాటికి ఆ అవకాశం దక్కాలి.

ప్రస్తుతానికి ఏ మూలికా మందునూ, ఏ హోమియో మందునూ ఈ జబ్బుకు ప్రామాణిక చికిత్సగా అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు చేర్చలేదు. కిడ్నీ జబ్బున్నవారు వాడుతున్న మూలికా ఉత్పత్తుల గురించి ఆరా తీసి, హాని జరగకుండా కనిపెట్టి ఉండాలని మాత్రం వైద్యులకు చెబుతున్నాయి. మీరు ఇలాంటివి ఏవైనా వాడుతుంటే ఆ సీసానో పొట్లాన్నో తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. అల్బుమిన్ పరీక్ష ఏడాదికి ఒకసారైనా చేయించుకోండి. ఎవరు చెప్పినా సరే, బీపీ, కిడ్నీ మాత్రలు ఆపి మరే మందూ మొదలుపెట్టకండి.